పలక ఎత్తి చూపించు

మార్కాపురం పేరు వినగానే తెలుగుదేశంలో ఏ మూలనున్నవారికైనా ముందుగా స్ఫురించేది పలక. చెన్నకేశవస్వామి గుడి ఆ తరువాత. నల్లమలకు తూర్పున మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాల్లో నేల అడుగున పొరలు పొరలుగా విడివడే రాయి ఒకటి ఉన్నది. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్, కడప కర్నూలు శిలాశ్రేణుల మీద తాను వ్రాసిన గ్రంథంలో ఈ రాయికి కంభం పేరే పెట్టాడు. ఉలితో ఓపికగా తడితే వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన బురద పుస్తకపు పుటల్లాగా విచ్చుకుంటుంది. దానిని నలుచదరంగా కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగిస్తే మనమంతా ఓనమాలు దిద్దుకున్న పలక.

అయితే నేను వ్రాయదలచుకున్నది రాయి గురించి కాదు. ఆ రాయిని పిల్లవాడి చేతిలో పెట్టడం వెనుక ఒక బోధనా పద్ధతి ఉన్నది. దాని చరిత్ర చిత్రమైనది, మనకు సంబంధించినది కూడా. ఆ పద్ధతి ప్రాథమిక పాఠశాల గడప దాటి కళాశాల తరగతిలోకి ఎందుకు రాలేదన్నది, రాకపోవడం వల్ల ఎవరు వెనుకబడిపోయారన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

కథ మద్రాసులో మొదలవుతుంది. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాటి ఉదయం గుర్రం మీద వెళుతూ ఒక వీధిబడి ముందు ఆగాడట. అక్కడ పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. మన గుంట ఓనమాలే! ఖర్చు లేదు, కాగితం లేదు, తప్పు వ్రాస్తే అరచేత్తో చెరిపేయడమే. బెల్ తన ఆశ్రమంలోనూ ఇసుక పోయించాడు. అక్కడి ఉపాధ్యాయులు సహకరించకపోతే, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి పిలిచి చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పమన్నాడు. ఆ కుర్రవాడు పెద్దవాళ్ళకన్న బాగా నేర్పాడు. పిల్లలే పిల్లలకు చెప్పే ఈ పద్ధతిని బెల్ 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. ఆ తరువాత జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొకాయన ఇటువంటి పద్ధతినే లండను బీదపిల్లల బడిలో నడిపాడు. ఈ ఊహ ముందు ఎవరికి తట్టిందన్న విషయమై ఇద్దరి అనుయాయులూ ఏళ్ళ తరబడి తగవులాడుకున్నారు. ఇసుక బడి నడిపిన ఆ మద్రాసు అయ్యవారి పేరు మాత్రం ఎవరూ వ్రాసిపెట్టలేదు.

పలకను బోధనకు ఆయువుపట్టుగా చేసినవాడు లాంకాస్టరే. ఆయన 1803లో వ్రాసిన పుస్తకంలోని వాదం సూక్ష్మమైనది. ఇరవైమంది ఉన్న తరగతిలో ఉపాధ్యాయుడు ఒక్కొక్కణ్ణే లేపి అడిగితే, ఒకడు చెబుతున్నంతసేపూ పందొమ్మిది మంది ఊరికే కూర్చుంటారు. అందరి చేతా పలకలుంటే ఆ ప్రశ్న ఒక్కసారే ఇరవైమందికీ వెళుతుంది. ఇరవై జవాబులూ ఒక్కసారే వస్తాయి. "పలకలు చూపించండి" అన్న ఆజ్ఞతో తరగతి మొత్తం పలకలు ఎత్తుతుంది. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఒక్క చూపులో తేలిపోతుంది. మన ఒకటో తరగతి పంతులమ్మ నోట విన్న మాట ఇదేనని చదువరులు గుర్తుపట్టే ఉంటారు.

ఈ పద్ధతిలో మంచి ఎంత ఉన్నదో యాంత్రికత కూడా అంత ఉన్నది. వందలమంది పిల్లలను ఒకే హాలులో కూర్చోబెట్టి తక్కువ ఖర్చుతో కవాతు చేయించడానికి దాన్ని వాడుకున్నారు. అందుకే పందొమ్మిదవ శతాబ్దం గడుస్తూండగా వెనుకబడిపోయింది. పలకలో మహిమ ఏమీ లేదు. అందరినీ అడగాలన్న సంకల్పంలోనే అంతా ఉన్నది.

ఇక మన సీమకు వద్దాము. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చిన తరువాత కంభం, మార్కాపురం ప్రాంతాలు కడప జిల్లాలో ఉండేవి; 1858లో కర్నూలు జిల్లాలోకి వెళ్ళాయి; 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం అయిన జిల్లాలో చేరాయి. చాలాకాలం ఏదో ఒక జిల్లాకు కొసన ఉండటమే వాటి నుదుటి వ్రాత అయింది కాబోలు! 1822లో గవర్నరు మన్రో రాజధాని అంతటా బడుల లెక్క తీయమన్నప్పుడు, పొరుగున బళ్ళారి కలెక్టరుగా ఉన్న కాంబెల్ 1823లో పంపిన నివేదిక చదవదగినది. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పడాన్నీ, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడాన్నీ మెచ్చుకుని, ఇంగ్లండు దీనిని అనుకరించడం సబబేనన్నాడు. ఆ వెంటనే ఒక వాత కూడా పెట్టాడు. బడిలో వల్లె వేయించే పద్యాల భాష వేరు, పిల్లలు మాట్లాడే భాష వేరు. కంఠతా వచ్చిన దానికి అర్థం వారికి చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. రెండువందల ఏళ్ళు దాటినా ఆ వాత మానలేదు.

కడప కలెక్టరు 1825లో పంపిన జవాబులో పై చదువుల ముచ్చట ఉన్నది. చిన్న వయసులోనే బ్రాహ్మణ బాలురు ఇల్లు వదలి గురువున్న ఊరికి పోతారు. గురువు డబ్బు పుచ్చుకోడు. ఆ ఊరి బ్రాహ్మణ గృహస్థులు ఏళ్ళ తరబడి వారికి అన్నం పెడతారు. మన వారాల చదువు. కలెక్టరు దానిని ఎంతో ఆర్ద్రంగా వర్ణించాడు. నిజమే, ఉదాత్తమైన ఏర్పాటే. కాని ఒక కులం గడప దాటని ఉదాత్తత. బువ్వ దొరికినవాడికే శాస్త్రం దొరికింది. ఈ సూత్రం తరువాత కూడా పెద్దగా మారలేదు; సంక్షేమ వసతిగృహాలు వచ్చిన తరువాతే కొండ కింది పల్లెల పిల్లలు పై చదువుల ముఖం చూశారు.

తలుపుల దగ్గర జరిగిన పోరాటం ఒకటి చెప్పి ముందుకు సాగుతాను. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, అక్కడి బ్రాహ్మణులు కోరగా వారి పిల్లల కోసం బడి తెరిచాడు. మరునాడో మాపో ఆంగ్లం వస్తుందన్న ఆశ వారిది. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన వెంట ఆయనవారు పడమటి పల్లెల నుండి వచ్చి క్రైస్తవం స్వీకరించారు. వారిని చేర్చుకున్న మిషనరీ బడిలో తమ పిల్లలను ఉంచబోమని అగ్రవర్ణాలవారు తప్పించుకున్నారు. ఎవరిని ఉంచుకోవాలన్న సందిగ్ధం క్లౌ దంపతులను ఎంత పీడించిందో ఆయన ఆత్మకథలో ఉన్నది. చివరకు పేరయ్య మనుషుల పక్షమే నిలిచారు. వారి మతప్రచారం గురించి ఎవరి అభిప్రాయం వారిది. ఒకే బెంచీ మీద ఎవరు కూర్చోవచ్చునన్న తగవు మాత్రం ఈ నేల మీద ఆ రోజుల్లోనే బహిరంగంగా తెగింది.

ఇరవయ్యవ శతాబ్దంలో మార్కాపురం పలక దేశమంతా తిరిగింది. ఆ పలక వెనుక ఎవరున్నారో చాలామందికి తెలియదు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద 1988లో కేంద్రం మొదలుపెట్టిన ప్రాజెక్టుల జాబితా తీసి చూడండి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి, జగ్గంపేట పెంకులు. వాటి నడుమ మార్కాపురం పలకలు. దేశంలోని పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకను తయారు చేస్తూ ఈ ఊరి పిల్లలు బడికి పోలేదు. రాతి దుమ్ము పీల్చారు. వారి కోసం ప్రత్యేక పాఠశాలలు నడిచాయి. ఆ పథకాన్ని 2021లో సమగ్ర శిక్షలో కలిపేశారు. ఇంతలో నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకకు గిరాకీ పడిపోయింది. ఇళ్ళ కప్పులకు, గోడలకు, నేలకు వాడే పలకరాయిగా అది విదేశాలకు వెళుతున్నది.

ఆ క్వారీల్లో, ఆ చేల్లో పనిచేసినవారి పిల్లలు, మనవలు ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో ఉన్నారు. తలుపులు తెరుచుకున్నాయి. కాని లోపల ఏం జరుగుతున్నది? లెక్చరరు వస్తారు, నోట్సు చెబుతారు, పిల్లలు వ్రాసుకుంటారు. "అర్థమయిందా?" అంటే ముందు రెండు వరుసలు "అయింది సార్" అంటాయి. గంట కొడతారు. ఎవరినీ పొమ్మనలేదు, అయినా వెనుక బెంచీలు తరగతిలో లేవు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతులను రికార్డు చేసి, ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు సగటున ఒక్క క్షణం కన్న ఎక్కువ ఆగడని తేల్చింది. ఆ క్షణంలో నోరు తెరవగలిగేవాడు ముందే తెలిసినవాడు, మాట్లాడే ధైర్యం ఇంటి నుండి తెచ్చుకున్నవాడు. మూడు క్షణాలు ఆగి చూడమన్నది ఆమె. ఆగిన చోట ఎన్నడూ పలకనివారు పలికారు.

భాష సంగతి మరీ చిక్కు. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షులుగా తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చింది. అది మహత్కార్యమే. ఆ పుస్తకాలే లేకపోతే ఈ ప్రాంతంలో ఎందరో పట్టభద్రులయ్యేవారు కారు. కాని 'జడత్వ భ్రామకం' అన్న మాట మార్కాపురం కుర్రవాడికి ఆంగ్లం కన్న తేలికేమీ కాదు. కాంబెల్ చెప్పిన చిలక అక్కడా వాలింది. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. పన్నెండేళ్ళు తెలుగులో చదివి వచ్చిన పిల్ల ఇప్పుడు రెండు బరువులు మోయాలి: విషయం ఒకటి, విషయం రాకపోయినా వచ్చినట్లు కనిపించడం రెండోది. నా మటుకు రెండోదే ప్రమాదకరం. అర్థం కాలేదని చెప్పడానికి కూడా ఆంగ్లం కావాలంటే ఎవరు చెబుతారు?

ఇక్కడే పలక మళ్ళీ గుర్తుకు వస్తుంది. దాన్ని కళాశాలలోకి తెచ్చినవాడు హార్వర్డులో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్. ఆయన ఉపన్యాసాలు గొప్పవని విద్యార్థులే మెచ్చుకునేవారు. ఒకసారి న్యూటన్ సూత్రాల మీద మామూలు మాటల్లో ప్రశ్నలిచ్చి పరీక్ష పెడితే, కఠినమైన లెక్కలు చేసినవారే తడబడ్డారు. పెద్ద లారీ, చిన్న కారు ఢీకొంటే దేని మీద ఎక్కువ బలం పడుతుంది వంటి ప్రశ్నలవి. మీరు చెప్పినట్లు వ్రాయాలా, నేననుకునేట్లు వ్రాయాలా అని ఒక అమ్మాయి అడిగిందట. 1991 నుండి ఆయన పద్ధతి మార్చాడు. ప్రశ్న ఇవ్వడం, ప్రతివారూ ఎవరికి వారే జవాబు చూపడం, తరువాత పక్కవారితో వాదించడం, మళ్ళీ జవాబు చూపడం. జవాబు చూపడానికి మొదట అట్టముక్కలు, తరువాత మీటనొక్కే యంత్రాలు. 2008లో నథానియల్ లాస్రీ అనే అధ్యాపకుడు రెండింటినీ పోల్చి, నేర్చుకోవడంలో తేడా ఏమీ లేదని చూపాడు. అంటే రాతిపలకైనా చాలు! 2014లో 225 అధ్యయనాలను కలిపి చూస్తే వట్టి ఉపన్యాసపు తరగతుల్లో సుమారు 34 శాతం మంది తప్పారు. విద్యార్థిని పనిలోకి దింపిన తరగతుల్లో 22 శాతం. 2020 నాటి మరొక సమీక్ష, ఇటువంటి తరగతుల్లో బీద, అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకూ మిగిలినవారికీ మార్కుల్లో ఉన్న అంతరం మూడోవంతు తగ్గిందన్నది. ఇవి ప్రధానంగా అమెరికా లెక్కలని మరువరాదు. కాని మూలం మన ఇసుకలోనే ఉన్నదనీ మరువరాదు.

గిద్దలూరులోనో కంభంలోనో ఒక డిగ్రీ తరగతిని ఊహించుకోండి. క్వారీ గోతిలో నిలబడి ఒకడు రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాడు. అది అత్యంత ఎత్తుకు చేరిన క్షణాన వేగం సున్న. మరి త్వరణం? జవాబు పలక మీద వ్రాయాలి; భాష ఏదైనా సరే. ఒక నిమిషం ఎవరూ మాట్లాడరాదు. పలకలు లేస్తాయి. సగానికి సగం 'సున్న' అని ఉంటుంది. లెక్చరరు సరైనది చెప్పరు, ఎవరి పేరూ ఎత్తరు. పక్కవాడితో మాట్లాడమంటారు. ఆ రెండు నిమిషాలూ గదిలో వినిపించేది మార్కాపురం తెలుగు. "సున్న అయితే మళ్ళా కిందికి ఎందుకు పడతదిరా?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో గురుత్వాకర్షణ అధ్యాయమంతా ఉన్నది. ఆ తరువాత పాఠం ఆంగ్లంలో సాగినా ఫరవాలేదు, ఇప్పుడు దానికి పట్టు దొరికింది. తప్పు వ్రాసినవాడు తడిగుడ్డతో తుడిచేస్తాడు, రిజిస్టరులో ఎక్కదు.

సిలబస్ పూర్తి కాదన్న అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. గంటలో ఇటువంటివి రెండు ప్రశ్నలకన్న పట్టవు, నోట్సులో కొంత కోత పడుతుంది. అంతకన్న పెద్ద చిక్కు గది. రెండోసారి ఎత్తిన పలకల్లో తప్పు మిగిలినవారి దగ్గరకు లెక్చరరు నడిచి వెళ్ళాలి. డెబ్భై మందిని కుక్కిన గదిలో ఆఖరు బెంచీ దాకా పోవడానికి దారి ఉండదు. ముందు ఆ బెంచీలు జరిపించాలి.