పట్టికలోని ఖాళీ గడి

ఆసుపత్రికి పోయి రోగిని పలుకరించిన వారెల్లరును మంచము చెంత నుండు పట్టికను చూచియే యుందురు. శరీరతాపము, నాడి, శ్వాస, రక్తపుపోటు, వీనిని నర్సు వేళ తప్పక కొలిచి అందు వ్రాయవలయును. ఆ అంకెల వరుసను బట్టియే రోగి కోలుకొనుచున్నదియు, క్షీణించుచున్నదియు వైద్యుడు గ్రహించును. ఒక గడి ఖాళీగా నున్నచో, రాబోవు ఆపద కంటబడకపోవచ్చును.

ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనము కాదు. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయరు నాడిని లెక్కించుటకు ఒక నిమిషము మాత్రము నడచు గడియారమును గూర్చి గ్రంథము వెలువరించెను. 1868లో జర్మనీయందలి లైప్‌జిగ్ నగరమున వుండర్లిఖ్ సుమారు 25,000 మంది రోగుల తాపమును పరిశీలించి, జ్వరముల గతిని ప్రకటించెను. అప్పటి ఉష్ణమాపకము దాదాపు అడుగు పొడవుండెడిది. తాపము తెలియుటకు పావుగంటకు పైగా పట్టెడిది. ఇంచుమించు ఆ కాలముననే ఆల్బట్ దానిని ఆరంగుళములకు కుదించెను. ఐదు నిమిషములలో ముగియు పని యగుటచే అది క్రమముగా నర్సుల నిత్యవిధి యయ్యెను. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు కొలుచు సాధనమును కనుగొనెను.

సాధనములు పెరిగినకొలది వ్రాయవలసినదియు పెరిగెను. మరపును తొలగించుటెట్లు? 1976లో అమెరికాయందలి ఇండియానాపొలిస్‌లో డాక్టర్ మెక్‌డొనాల్డ్ కంప్యూటరుచే వైద్యులకు జ్ఞాపికలు ఇప్పించి చూచెను. జ్ఞాపిక అందినపుడు నూటికి 51 సందర్భములలో, అందనపుడు 22 సందర్భములలో మాత్రమే వారు తగిన చర్య గైకొనిరి. ఇందలి లోపము అశ్రద్ధ కాదనియు, ఒక మనస్సు మోయగల భారమునకు హద్దు కలదనియు ఆయన నిర్ణయించెను.

తరువాత ఈ సూత్రమే నర్సుల పట్టికకును అన్వయింపబడినది. 2012లో బ్రిటనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ వారు ఆరు కొలతలకు మార్కులిచ్చు పద్ధతిని ప్రకటించిరి. మొత్తము సున్న యైన రోగిని 12 గంటల కొకమారైనను చూడవలెను. ఏడు గాని అంతకు మించి గాని వచ్చినచో ఎడతెగక కనిపెట్టవలెను. కంప్యూటరు ఈ మొత్తమును కట్టి, తిరిగి కొలువవలసిన వేళను నర్సుకు గుర్తుచేయగలదు.

అయినను మేమొక హెచ్చరిక చేయుచున్నాము. కొలతలన్నిటిలో తరచుగా ఉపేక్షింపబడునది శ్వాస. దానిని లెక్కించుటకు రోగి రొమ్మును చూచుచు నిండు నిమిషము నిలువవలెను. జ్ఞాపిక తొందరపెట్టగా ఊహించి అంకె వేసినచో గడి నిండును గాని, రోగి స్థితి తెలియదు. ఖాళీ గడి కన్న అసత్యపు అంకె ప్రమాదకరము. కావున నర్సునకు జ్ఞాపికతోపాటు ఆ నిమిషమును గూడ సమకూర్చుట ఆసుపత్రుల విధియని మా అభిప్రాయము.