దేహస్పృహ

కళ్లతో చూడకుండానే చెయ్యి, కాలు, నడుము ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే జ్ఞానమే దేహస్పృహ. కండరాలు, స్నాయువులు, కీళ్లలోని గ్రాహకాలు దీనికి ఆధారం. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో దీన్ని విడిగా గుర్తించి వివరించారు. మంచి కదలికకు బలం కన్నా ముందు కావలసింది ఇదే. అనంతపురం మెట్టచేలల్లో వేరుశనగ కలుపు తీసేవారు గంటల తరబడి వంగుతారు. మోకాళ్లు కాస్త మడిచి తుంటి దగ్గర వంగితే పిరుదులు, తొడలు భారం పంచుకుంటాయి; వీపు గూనిలా వంగితే భారం ఎక్కువగా నడుము మీదే పడుతుంది. ఆ తేడా ఒంటికి తెలిస్తేనే అలవాటు మారుతుంది.

రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ)తో కలిసి టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలో ప్రారంభించిన టెన్నిస్ పాఠశాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది: చూపు బంతి మీద ఉన్నప్పుడు రాకెట్ పట్టిన చేతిని లోపలి స్పృహే నడపాలి. ఒంటిమీదే ధ్యాస పెడితే ఆట తడబడుతుందన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే నేర్చుకునేటప్పుడు ధ్యాస ఒంటిమీద, ఆడేటప్పుడు బంతి మీద ఉండాలి. కూలిపని తొందరలో ఇందుకు తీరికేదీ అనవచ్చు. నడుము పట్టేస్తే పోయేది ఆ కూలే.