బార్లీ గింజల బూట్లు

బేర్ సరాయ్ పేరు సివిల్స్‌కి చదవడానికి ఢిల్లీ వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. ఇరుకు గదులు, జిరాక్స్ నోట్సు, పుస్తకాల కొట్లు. పక్కనే ఐఐటీ. అందులో 2005లో చదువు ముగించిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ 2007లో బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ పెట్టారు. మొదట అమ్మింది పుస్తకాలే. తొలి పుస్తకం కొన్నది మన మహబూబ్‌నగర్ మనిషి! పుస్తకానికి సైజుతో పని లేదు. తర్వాత బూట్లూ నెట్‌లోకి వచ్చాయి, చిక్కూ వచ్చింది.

కాన్వాస్ బూట్ల బొమ్మ కింద 7, 8, 9 అని ఉంటాయి. ఏమిటా 8? సెంటీమీటర్లా, అంగుళాలా? రెండూ కాదు. బార్లీ గింజలు!

నవ్వకండి. మూడు బార్లీ గింజలు వరసగా పేరిస్తే అంగుళం అన్నది ఇంగ్లండులో మధ్యయుగాల లెక్క. అక్కడి చెప్పుల లెక్కలో గింజకో సైజు. నాలుగంగుళాల దగ్గర సున్నా, అక్కణ్ణించి 13 దాకా పిల్లలకి, మళ్ళీ 1 నుంచి పెద్దలకి. ఆ ప్రకారం పెద్దల 8 అంటే బూటు అచ్చు పొడవు 11 అంగుళాలు, అంటే 33 గింజలు. (అర్థశాస్త్రంలో ఎనిమిది యవలు ఒక అంగుళం. బూటు సైజులు కూడా మనవాళ్ళే కనిపెట్టారని రేపెవరైనా అంటే ఆశ్చర్యపోను.) ఫ్రాన్సు వాళ్ళ సైజు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అందుకే వాళ్ళ అంకెలు 42, 43 దాకా పోతాయి.

ఈ అంకెల్లో ఉన్నది పొడవే. వెడల్పు ఎక్కడుంది?

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో వేడిచేసి గట్టిపరచడం కనిపెట్టాకే, గుడ్డకి రబ్బరు అడుగు అతికించిన చవక బూట్లు సాధ్యమయ్యాయి. బాటా కంపెనీ 1930లలో కలకత్తా దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. మన బడుల్లో సుద్ద రాసుకుని తొడిగిన తెల్ల పీటీ బూట్లు ఆ జాతివే. తోలు వాడగా వాడగా కాస్త సాగుతుంది. కాన్వాస్ అంతగా సాగదు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన పాదం వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉంటుంది. కొట్లోనైతే తొడిగి చూస్తాం. నెట్‌లో అంకెని నమ్ముతాం. బూటు పట్టకపోతే "నా కాళ్ళే అంతలే" అనుకుంటాం. అంకెని మాత్రం అనుమానించం! మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదానికి ఇది చిన్న సంగతి కాదు. ఒరుసుకుని పుండు పడినా తెలియదు.

మరి మన కాళ్ళని కొలిచిందెవరు? మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ. ఎప్పుడు? 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా, 79 చోట్ల, లక్ష మందికి పైగా. మన పాదాలు వెడల్పని తేలింది. దాన్నిబట్టి "భా" అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించారు.

ఈలోగా నెట్‌లో కొనేవాళ్ళు సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి గీత గీసుకుని పొడవూ వెడల్పూ సెంటీమీటర్లలో కొలుచుకోండి. రెండు పాదాలూ కొలవండి, సమానంగా ఉండవు.