బిరుదు తిట్టయింది, తిట్టు పేరయింది

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా చందవరం దాటి ఒంగోలు వైపు సాగుతుంది. రెండు వేల ఏళ్లుగా ఈ సీమలో బౌద్ధులు, శైవులు, వైష్ణవులు, ముస్లిములు, క్రైస్తవులు బతికారు. ఎదుటివాళ్ల మతానికి ఏదో ఒక పిలుపు తగిలించారు. ఆ పిలుపుల్లో కొన్ని గౌరవంగా మొదలై తిట్లయ్యాయి. కొన్ని తిట్లుగా మొదలై చర్చి బోర్డులెక్కాయి. ఇంకొన్ని మాసిపోయాయి.

అశోకుడి మాట

'పాషండుడు' అంటే మనకు తెలిసిన అర్థం వేదనింద చేసేవాడు, మతభ్రష్టుడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆ మాటకు ఈ మచ్చ లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలున్నాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కూడా ఆ కర్నూలు జిల్లాలోవే. అశోకుడి పన్నెండో శాసనంలో 'పాసండ' అంటే మతశాఖ, అంతే. అన్ని పాసండాలనూ రాజు గౌరవిస్తాడని, తన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటి మతాన్ని కించపరిచేవాడు చివరికి తన మతానికే చేటు చేస్తాడని, అందుకే నోరు అదుపులో ఉండాలని ఆ శాసనం సారాంశం.

దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున స్తూపం కట్టుకున్న బౌద్ధులు ఆ లెక్కన ఒక పాసండం. తర్వాతి కాలంలో వైదికులు బౌద్ధ, జైనాల వంటి వేదాన్ని ఒప్పుకోని మతాలకే ఆ మాటను పరిమితం చేశారు. దాంతో మతశాఖ అన్న అర్థం పోయి దారితప్పిన మతం అన్న అర్థం మిగిలింది. బౌద్ధులను సమర్థించే రాజులు తగ్గి, విహారాలు పాడుబడ్డాక, ఆ మాటకు ఎదురు చెప్పగలిగేవాళ్లు ఈ సీమలో లేకపోయారు.

మాసిపోయిన 'భవి'

నల్లమల అంచున త్రిపురాంతకం పేరున్న శైవక్షేత్రం. కాకతీయ రుద్రదేవుడు 1185లో ఇక్కడ శాసనం వేయించాడు. ఆ రోజుల్లో శ్రీశైలం చుట్టూ బలపడిన వీరశైవానికి పాల్కురికి సోమనాథుడు తెలుగులో పెద్ద గొంతుక. మెడలో లింగం లేనివాణ్ని వీరశైవులు 'భవి' అన్నారు. భవం అంటే సంసారం, పుట్టుక. పుట్టుకల చక్రంలోనే పడి ఉన్నవాడు భవి. పుట్టిన కులాన్ని కాదని భక్తినే కొలతగా పెట్టుకున్న ఉద్యమమే బయటివాణ్ని దూరం పెట్టడానికి ఈ మాట తయారుచేసుకుంది. భవితో పొత్తు కూడదు, భవి ఇంట తినకూడదు. మాట దగ్గర ఆగని రోజులూ వచ్చాయి. శ్వేతాంబర జైనుల తలలు నరికానని ఒక వీరశైవ నాయకుడు గొప్పగా చెప్పుకున్న శాసనం పదహారో శతాబ్దపు శ్రీశైలంలో ఉంది.

ఇవాళ త్రిపురాంతకం తిరునాళ్లలో ఎవరినైనా భవి అని పిలిస్తే అది తిట్టని కూడా తెలియదు. ఆ పోరు ఆగింది, దాంతోపాటే తిట్టూ పోయింది.

పని నుంచి పుట్టిన తిట్టు

మధ్యయుగపు శాసనాల్లో 'తురుష్క' అనేది ముందు జాతి పేరు. తుర్కుల నుంచి వచ్చింది. వాళ్ల మతాన్ని బట్టి కాక, వాళ్లు వచ్చిన తావును బట్టి పిలిచారు. విజయనగర రాజులు 'హిందూరాయ సురత్రాణ' అన్న బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. అంటే అప్పటికి ఆ మాట రాజులు ఇష్టపడి తగిలించుకునేంత గొప్పది. రానురాను తురక అన్నది ముస్లిములందరికీ పేరైంది. ఆ తర్వాత పలికే గొంతును బట్టి చులకనైంది. అరబ్బీ నుంచి మర్యాద మాటగా వచ్చిన 'సాయిబు' కూడా ఒక ఇంట్లో గౌరవంగా, పక్క వీధిలో తేలిగ్గా వినిపిస్తుంది.

అన్నింటికంటే అన్యాయం జరిగింది 'పింజారి'కి. దూదిపింజలో ఉన్న పింజే ఇందులోనూ ఉంది. వింటితో దూది ఏకి, పరుపులు కుట్టే పనివాడు పింజారి. దూదేకులవాళ్లు అన్నా నూర్‌బాషాలు అన్నా వీళ్లే. నమాజు చేస్తారు, తెలుగు మాట్లాడతారు, చాలా ఊళ్లలో పీర్ల పండగలో ముందుంటారు. ఉర్దూ రాదని తోటి ముస్లిములు తక్కువ చేశారు, సాయిబులని హిందువులు వేరు చేశారు. రెండు వైపులా చులకనైన పనివాళ్ల పేరు చివరికి ఎవరినైనా తిట్టడానికి పనికొచ్చే మాటైంది. ప్రభుత్వ బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని కులం పేరుగా ఉన్న మాటే సినిమాల్లో పాత్రల నోట తిట్టుగా పలికింది.

గిద్దలూరుకు దక్షిణాన కొండల అవతల, కడప జిల్లాలో, ఇందుకు పూర్తి విరుద్ధమైన వాడుక ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు దూదేకుల సిద్ధయ్య. ముడుమాలలో ఆయన మఠం ఉంది. భక్తులు ఆయన పేరు ముందు దూదేకుల అన్న మాటను దాచరు, చేతులు జోడించి పలుకుతారు. అదే కులం, అదే వృత్తి. పలికేవాడి మనసులో గౌరవం ఉండటం ఒక్కటే తేడా.

తిట్టే పేరైన కథ

ఈ ప్రాంతంలో ఊరూరా కనిపించే బాప్టిస్టు చర్చిలది తిరగబడ్డ కథ. 'క్రైస్తవులు' అన్న మాట మొదట అంతియొకయలో బయటివాళ్లు పెట్టిన పిలుపని బైబిల్లోని అపొస్తలుల కార్యాలను బట్టి తెలుస్తుంది. ఆ పేరుతో బాధలు వస్తే సిగ్గుపడవద్దని పేతురు పత్రిక ధైర్యం చెప్పాల్సి వచ్చింది. 'బాప్టిస్టు' వెనకా అలాంటి చరిత్రే ఉంది. పదహారో శతాబ్దపు యూరప్‌లో పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవాళ్లను అనాబాప్టిస్టులని తిట్టేవారు. 1527లో జూరిచ్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను అదే నేరానికి నదిలో ముంచి చంపారు. 1644లో లండన్ బాప్టిస్టులు తమ విశ్వాస ప్రకటనలో, మమ్మల్ని అనాబాప్టిస్టులనడం తప్పు అని రాసుకున్నారు. అయినా ఆ తిట్టులోంచి మిగిలిన ముక్కే వాళ్లకు పేరైంది.

ఆ పేరు అమెరికా మీదుగా మన దగ్గరికి వచ్చింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు అన్నారు. క్లౌ దంపతులు మాదిగల వైపు నిలబడ్డారు. ఇక కిరస్తానం అంటే మాదిగల మతమన్న ముద్ర పడింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం కలిశారన్న నింద రాకూడదని కరువు సాయం జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా బియ్యం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పోలేదు. అది అన్నవాళ్లలో చాలామంది ఆ మనుషుల్ని తమ బావి దగ్గరికి కూడా రానివ్వనివాళ్లు.

కంభం, మార్కాపురం మిషన్లు ఆ తర్వాత వచ్చాయి. మిషన్ బళ్లలో చదివిన బిడ్డలు టీచర్లు, నర్సులు, పాస్టర్లు అయ్యారు. తిట్టుగా విన్న పేరును తలెత్తుకుని చెప్పుకున్నారు.

ఇప్పటి రూపాలు

ముద్రలు ఆఫీసుల్లోకీ వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సి వస్తుంది. చర్చిలో గర్వంగా చెప్పుకునే పేరును సర్టిఫికెట్‌లో రాయించడానికి జంకే కుటుంబాలున్నాయి. ఫోన్లలో 'గొర్రెలు' అన్న కొత్త వెక్కిరింత తిరుగుతోంది. కాపరికి చెందిన గొర్రెలమని క్రైస్తవులు ఆరాధనలో చెప్పుకునే మాటను లాక్కుని వాళ్ల మీదికే విసరడం ఇది.

మాట పుట్టుక దాని మంచిచెడ్డలను తేల్చదని ఈ చరిత్ర చెబుతుంది. ఒక పేరును మోసేవాళ్లు దాన్ని తమదిగా ఒప్పుకున్నారా, లేక నోరెత్తలేక భరిస్తున్నారా అన్నదే చూడాలి. బాప్టిస్టు అన్న పేరును ఆ మనుషులు చేజిక్కించుకున్నారు. పింజారి అన్న మాట తిట్టుగా వాడకండని నూర్‌బాషాలు అడుగుతూనే ఉన్నారు. కథలు రాసేవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు, బడిలో పాఠం చెప్పేవాళ్లు ఆ ఒక్క మాట వినాలి. దూది ఏకి మన ఇళ్లకు పరుపులిచ్చిన మనుషుల పేరును తిట్ల జాబితాలోంచి మనమే తీసేయాలి.