ప్లీడరీ, పత్రికా రచన: రెండు చదువులు కలిసిన తీరు

1878 సెప్టెంబరు 20న మద్రాసులో 'ది హిందూ' తొలి సంచిక వెలువడింది. దాన్ని మొదలుపెట్టిన ఆరుగురిలో జి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఎం. వీరరాఘవాచారి బోధన వృత్తిలో ఉన్నారు. మిగతా నలుగురూ లా చదువుతున్న కుర్రవాళ్ళు: టి.టి. రంగాచారి, పి.వి. రంగాచారి, డి. కేశవరావు పంతులు, న్యాపతి సుబ్బారావు పంతులు. ఒక రూపాయి పన్నెండు అణాలు అప్పు చేసి, మింట్ స్ట్రీట్‌లోని శ్రీనిధి ముద్రాక్షరశాలలో 80 ప్రతులు అచ్చు వేయించారు. వారిని కదిలించింది కూడా ఒక న్యాయస్థానపు సంగతే. టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు జడ్జిగా నియమించారు. ఒక భారతీయుడికి ఆ పీఠం దక్కడం అదే మొదలు. తెల్లవారి పత్రికలు ఆ నియామకాన్ని ఆక్షేపించాయి. వాటికి జవాబు చెప్పడానికి సొంత పత్రిక లేకపోవడమే 'హిందూ' పుట్టుకకు కారణమైంది.

లా, పత్రికా రచన కలిపి చదవడం ఈ మధ్య వచ్చిన ఆలోచనగా కనిపిస్తుంది. పట్టా రూపంలో అది కొత్తదే. మనుషుల్లో మాత్రం ఆ రెండు విద్యలూ నూటయాభై ఏళ్ళకు దగ్గరగా కలిసే ఉన్నాయి. మద్రాసు లా కాలేజీ 1891లో ఏర్పడింది. అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో నడిచే లా క్లాసే ప్లీడరీకి దారి. ఇంగ్లీషులో వాదించడం, ఎదుటివాడి మాటలో లొసుగు పట్టడం, అర్జీ రాయడం అక్కడ అలవడేవి. పత్రిక నడపడానికి కావలసిందీ అదే సామగ్రి.

ఆ నలుగురు విద్యార్థులూ పరీక్ష గట్టెక్కి ప్లీడరీలో పడ్డాక పత్రిక భారం సుబ్రహ్మణ్య అయ్యర్, వీరరాఘవాచారిల మీద మిగిలింది. న్యాపతి సుబ్బారావు పంతులు రాజమండ్రిలో వకీలుగా స్థిరపడ్డా కలాన్ని వదల్లేదు. తెలుగు సాహిత్యంలో పేరున్న 'చింతామణి' పత్రికకు వెన్నుదన్ను ఆయనే. 1905లో 'హిందూ'ను కొన్న కస్తూరి రంగ అయ్యంగార్ కూడా వకీలే. అంతకుముందు ఆ పత్రికకు న్యాయ సలహాదారుగా పనిచేశారు.

పత్రిక పెట్టినవారికి చట్టం తెలియడం ఆ రోజుల్లో ఆభరణం కాదు, ప్రాణావసరం. రాజద్రోహ నేరాన్ని 124-ఎ సెక్షనుగా శిక్షాస్మృతిలో చేర్చింది 1870లో. 'హిందూ' పుట్టిన 1878లోనే వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టం తెచ్చింది. ఇంగ్లీషు పత్రికలను వదిలిపెట్టి, దేశభాషల్లో అచ్చేసేవారిని మాత్రం పూచీకత్తు పత్రాలతో కట్టడి చేసిన శాసనం అది. మేజిస్ట్రేటు తీసుకున్న చర్య మీద కోర్టుకెక్కే వీలు కూడా లేదు. రిపన్ కాలంలో అది రద్దయినా, 1910 ప్రెస్ చట్టం కొత్త ముద్రణాలయాల నుంచి 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు గుంజుకునే పద్ధతి పెట్టింది. అనీబిసెంట్ నడిపిన 'న్యూ ఇండియా' కట్టిన 2,000 రూపాయలను 1916లో జప్తు చేశారు. ఆమె హైకోర్టులో పోరాడి ఓడారు, ప్రీవీ కౌన్సిల్లోనూ ఓడారు.

'కేసరి' నడిపిన తిలక్ లా పట్టా పుచ్చుకుని, కొంతకాలం లా తరగతులు కూడా చెప్పారు. 'కేసరి'లో రాతలకు 1897లో ఒకసారి, 1908లో ఒకసారి రాజద్రోహ శిక్ష పడింది. రెండోసారి తన వాదన తానే వినిపించుకున్నారు. అదే 1908లో విజయవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు మూడేళ్ళ జైలు పడింది. ఆయన ఎం.ఏ. చదివినవాడు, వకీలు కాడు. ఆ కేసు తర్వాత తెలుగు సంపాదకుల్లో ఎవరికైనా ప్రతి వాక్యం వెనక ఒక సెక్షను కనిపించి ఉంటుంది.

తెలుగుదేశంలో ఈ కలయికకు పెట్టింది పేరు బందరు. అక్కడ ప్లీడరుగా ఉన్న కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుతో కలిసి 1902లో 'కృష్ణాపత్రిక' స్థాపించారు. తర్వాత ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగువారి పత్రికల్లో పెద్దపీట అందుకుంది. టంగుటూరి ప్రకాశం బారిస్టరు చదివి మద్రాసులో పేరు తెచ్చుకుని, 'లా టైమ్స్' అనే న్యాయపత్రికకు సంపాదకత్వం వహించారు. 1921లో ప్రాక్టీసు వదిలేసి, అదే ఏడు 'స్వరాజ్య' ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. కోర్టులో కూడబెట్టినదంతా పత్రికలో కరిగిపోయింది. డబ్బు లెక్కల్లో అది నష్టమే. తెలుగువారి పత్రికా రంగానికి అంత నిండు త్యాగం చేసినవారు అరుదు.

నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకా ఇరుకు. సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో బి.ఏ., బి.ఎల్. చదివి హైదరాబాదు వచ్చారు. 1926 మే 10న 'గోలకొండ పత్రిక' మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. ప్రభుత్వ భాష ఉర్దూ, కోర్టుల భాష ఉర్దూ. తెలుగులో పత్రిక నడపడమే అక్కడ ఒక ప్రకటన. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో మూడు వందలకు పైగా కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఎత్తిపొడుపుకు ఎత్తిపొడుపుతో బదులివ్వకుండా సాక్ష్యాలు పోగుచేసి ముందు పెట్టడం కోర్టు నేర్పిన పద్ధతి. లా చదువు పత్రికకు చేసిన మేలును ఇంతకన్నా స్పష్టంగా చూపే పుస్తకం తెలుగులో లేదు.

కోర్టు వార్త రాసేవారికి చట్టం ఎందుకు తెలియాలో ఒక్క మాట చాలు చెప్పడానికి. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, అంటే వాది. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. నిందితుడు, దోషి అనే రెండు మాటల మధ్య ఉన్నది కూడా తీర్పు ఒక్కటే. ఆ తీర్పు రాకముందే రెండో మాట వాడితే ఒక మనిషి పరువు పోతుంది, పత్రిక మీద దావా పడుతుంది.

పత్రికా రచనను తరగతి గదిలో నేర్పే ప్రయత్నం మద్రాసు పక్కనే, అడయారులో 1920లో అనీబిసెంట్ నేషనల్ యూనివర్సిటీలో జరిగింది. 1938లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరో కోర్సు పెట్టించిన వైస్ ఛాన్సలర్ సర్ షా మహమ్మద్ సులేమాన్ ఫెడరల్ కోర్టు జడ్జి. ఆ రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. 1941లో లాహోరులో పంజాబ్ యూనివర్సిటీ పెట్టిన విభాగంతో ఈ చదువు కుదురుకుంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లో వచ్చింది. ఇక్కడి నుంచే రెండు విద్యలూ వేరుపడ్డాయి. 1961 అడ్వకేట్ల చట్టం లా చదువు ప్రమాణాలను బార్ కౌన్సిల్ చేతిలో పెట్టింది. జర్నలిజం యూనివర్సిటీల్లో వేరే శాఖగా పెరిగింది. ఒకే మనిషిలో ఒదిగిన రెండు పనులకు రెండు భవనాలు కట్టినట్టయింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా అవి ఒకదాన్నొకటి వదలలేదు. బొంబాయి నుంచి వచ్చే 'క్రాస్ రోడ్స్' వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వకపోతే, సుప్రీంకోర్టు 1950లో రమేష్ థాపర్ కేసులో ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వాక్స్వాతంత్ర్యం మీద పరిమితులు పెరిగాయి. 1994లో రాజగోపాల్ కేసు వ్యక్తి గోప్యతకూ పత్రికా స్వేచ్ఛకూ మధ్య గీత గీసింది. జర్నలిజం విద్యార్థి చదివే ప్రెస్ చట్టాలకు వెన్నెముక ఇలాంటి తీర్పులే.

లా చదువు మళ్ళీ ఇతర శాస్త్రాల వైపు తలుపు తెరిచింది అయిదేళ్ళ సమీకృత కోర్సుతో. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో 1988లో ఆ తరగతులు మొదలయ్యాయి. బి.ఏ., ఎల్.ఎల్.బి. ఒకే ఒరలో ఇమిడిన ఈ పద్ధతిలో జర్నలిజాన్ని కూడా చేర్చుకోవచ్చు. హైదరాబాదులో 1998లో స్థాపించిన నల్సార్ లా యూనివర్సిటీ మీడియా చట్టాల మీద పీజీ డిప్లొమా నడుపుతోంది. అయితే ఒకేసారి రెండు కాలేజీల్లో చేరి రెండు పట్టాలు తెచ్చుకునే దారి లా విద్యార్థికి సాఫీగా లేదు. రెండు డిగ్రీలు ఏకకాలంలో చదవవచ్చని యూజీసీ 2022లో ప్రకటించినా, లా చదువుతూ మరో రెగ్యులర్ డిగ్రీలో చేరకూడదని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి. సమీకృత కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది.

ఉద్యోగంలోనూ ఇదే తూకం. సుప్రీంకోర్టు విలేకరిగా గుర్తింపు పొందాలంటే లా డిగ్రీ ఉండాలన్న నియమం చాలాకాలం నడిచి, 2024 అక్టోబరులో తొలగిపోయింది. బార్ కౌన్సిల్ 51వ నిబంధన అడ్వకేటు పత్రికలకు రాయడానికీ, అచ్చుకు వెళ్ళే రాతలను చట్టరీత్యా సరిచూడడానికీ ఒప్పుకుంటుంది. 49వ నిబంధన ప్రకారం, జీతం మీద పూర్తికాలం ఉద్యోగంలో చేరిన అడ్వకేటు ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపేయాలి.