ఇంటి వైఫైలో తెగిపోయే మాట: ఇంటర్నెట్ టెలిఫోను చరిత్ర నుంచి ఒక పాఠం

పరిచయం

ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన తరం మాది. ఎస్.టి.డి. బూతులో మీటరు మీద ఎర్రని అంకెలు పరుగెడుతుంటే మాటలు కుదించుకుని మాట్లాడింది మీ తల్లిదండ్రుల తరం. ఆ రోజుల్లో లైను దొరకడమే కష్టం. దొరికాక ఎంత గరగర వినిపించినా, మాట మాత్రం వరస తప్పేది కాదు. ఇప్పుడు లైను కోసం ఎవరూ ఎదురుచూడడం లేదు. కంప్యూటరు ముందు కూర్చుని అమెరికాలో ఉన్న అమ్మాయితో పైసా ఖర్చు లేకుండా మాట్లాడుతున్నాం. అయితే సగం మాట వినిపిస్తుంది, సగం మింగేసినట్టవుతుంది. "వినిపిస్తోందా?" అన్న ప్రశ్న మన పలకరింపుల్లో భాగమైపోయింది.

2020లో నేను ఒక ప్రాజెక్టు మౌఖిక పరీక్షకు పరీక్షకుడిగా ఇంటి నుంచే కంప్యూటరు ముందు కూర్చున్నాను. విద్యార్థిని తన ఊరి నుంచి మాట్లాడుతోంది. ఆమె జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారికి ఆమె గొంతులో వణుకు మొదలైంది. "పల్లెటూరి నెట్ కదా" అని నాలో నేనే తీర్మానించుకున్నాను. తయారుకాక తడబడుతోందేమో అన్న అనుమానం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఏం జరిగిందో పాఠం చివర చెబుతాను.

ఇంటి వైఫై మీద కాల్ చెడిపోయే తీరులు కొన్నే. మాట తెగడం, ఆలస్యంగా చేరడం, ఒకవైపే వినిపించడం, మన గొంతు మనకే తిరిగి రావడం. వీటిలో ప్రతిదానికీ ఒక పుట్టుక ఉంది. ఎవరో, ఎప్పుడో, ఏదో అవసరానికి తీసుకున్న నిర్ణయం దాని వెనుక ఉంది. ఆ నిర్ణయాలు తెలిస్తే లోపం ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది. చరిత్ర విద్యార్థులకు ఈ పాఠం ఎందుకని మీరు అడగవచ్చు. సాంకేతిక చరిత్రలో మనం ఎక్కువగా చదివేది కనిపెట్టినవాళ్ళ గురించి. పాడైనదాన్ని బాగుచేసినవాళ్ళ చరిత్ర చాలా తక్కువగా రాశారు.

సర్క్యూట్ నుంచి ప్యాకెట్టుకు

పాత టెలిఫోను పద్ధతిలో మీరు కాల్ చేస్తే, మాట్లాడినంతసేపూ ఒక దారి మీకోసమే కేటాయించి ఉండేది. మీరు మౌనంగా ఉన్నా ఆ దారిలోకి ఇంకెవరూ రారు. ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయ్యాక కూడా ఇదే సూత్రం. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, సెకనుకు 64 కిలోబిట్ల దారిని ఆ కాల్‌కు అప్పగించేవారు. ఇది ఖరీదైన పద్ధతి, కానీ నమ్మకమైనది.

1969లో అమెరికా రక్షణ శాఖ నిధులతో మొదలైన ఆర్పానెట్ ఇందుకు భిన్నమైనది. సమాచారాన్ని చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, అందరి ప్యాకెట్లనూ ఒకే దారిలో పంపేవారు. ఒక పుస్తకాన్ని పేజీలుగా విడదీసి, ఒక్కో పేజీని ఒక్కో కార్డుగా టపాలో వేసినట్టు ఊహించుకోండి. కార్డులు వెనకాముందూ చేరవచ్చు, ఒకటి రెండు పోవచ్చు. పోయినదాన్ని మళ్ళీ పంపమని అడిగి, అన్నీ చేరాక వరసలో పెట్టుకుంటే సరిపోతుంది. ఉత్తరానికైనా, లెక్కల పట్టికకైనా ఇది చక్కగా పనికొస్తుంది.

మాటకు ఇది పనికిరాదు. పోయిన అక్షరాన్ని రెండు సెకన్ల తర్వాత తెచ్చి ఇస్తే వినేవాడికి ప్రయోజనం ఏముంది? ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నవారిలో డానీ కోహెన్ ముఖ్యుడు. ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో పనిచేశారు. 1974లో ఆయన బృందం ఎం.ఐ.టి. లింకన్ ప్రయోగశాలతో ఆర్పానెట్ మీదుగా మాట్లాడి చూసింది. ఆ ప్రయోగాలు రెండు సంగతులు తేల్చాయి. ఒకటి, పోయిన ప్యాకెట్టును వదిలేసి ముందుకు సాగాలి. రెండు, ప్యాకెట్లు ఒకే వేగంతో రావు కాబట్టి, వినేవైపు వాటిని కొద్దిసేపు ఆపి, సమానమైన వ్యవధితో వినిపించాలి.

అప్పటి టీసీపీ మాత్రం ప్రతి ప్యాకెట్టునూ చేర్చితీరాలన్న పట్టుదలతో ఉండేది. దాన్ని రెండుగా విడగొట్టాలని కోహెన్ వాదించారు. 1978లో ఆ విభజన జరిగింది. చిరునామా చూసి చేరవేసే పని ఐపీది, పోయినవాటిని తిరిగి తెప్పించే పని టీసీపీది. తిరిగి తెప్పించడం అక్కర్లేనివారి కోసం 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ యూడీపీ అనే పద్ధతిని ప్రకటించారు. ఆ పత్రం మూడు పేజీలే. ఈ రోజు మీ కంప్యూటరు నుంచి వెళ్ళే కాల్ చాలావరకు ఆ మూడు పేజీల మీదే నడుస్తోంది.

కాబట్టి కాల్‌లో మాట తెగిందంటే, ప్యాకెట్లు పోయాయి లేదా వినిపించాల్సిన క్షణం దాటాక వచ్చాయి అని అర్థం. సాధారణంగా ఒక ప్యాకెట్టులో 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. ఒకటి పోతే ప్రోగ్రాము ముందుమాటను కొద్దిగా సాగదీసి ఆ ఖాళీని కప్పేస్తుంది, మీకు తెలియదు. వరసగా పది పోతే మాత్రం ఒక పదమే మాయమవుతుంది.

కంప్యూటరులోంచి గొంతు

ప్రయోగశాల దాటి మామూలు ఇళ్ళలోకి ఈ విద్య రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ ఇంటర్నెట్ ఫోన్ అనే ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. ఆనాటి సౌండు కార్డులు చాలావాటిలో ఒకేసారి మాట్లాడడం, వినడం కుదిరేది కాదు.

అదే ఏడు ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. 1998లో ప్రైవేటు సంస్థలకు ద్వారం తెరిచినప్పటికీ, ఇంటర్నెట్ మీద టెలిఫోను మాటలకు అనుమతి ఇవ్వలేదు. విదేశీ కాల్స్ ప్రభుత్వానికి పెద్ద ఆదాయం కదా! 2002 ఏప్రిల్ 1 నుంచి కంప్యూటరుకూ కంప్యూటరుకూ మధ్య, మన కంప్యూటరు నుంచి విదేశంలోని ఫోనుకు మాట్లాడడానికి వీలు కల్పించారు. కంప్యూటరు నుంచి మన దేశంలోని మామూలు ఫోనుకు మాత్రం వీల్లేదన్నారు. పిల్లలు విదేశాలకు వెళ్ళిన తెలుగు ఇళ్ళలో హెడ్‌సెట్ ఒక గృహోపకరణమైంది ఆ రోజుల్లోనే. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చాక అది మరీ సాధారణమైంది.

ఇంటి లోపలి మూడు చరిత్రలు

మీ గదిలో మెరిసే ఆ చిన్న పెట్టెలో మూడు వేర్వేరు చరిత్రలు కలిసి కూర్చున్నాయి.

మొదటిది గాలికి సంబంధించినది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. అందరూ ఒకే తరంగం మీద మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడతాయి, అప్పుడు ఇద్దరూ తలా కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. 1997లో ప్రమాణంగా రూపొందిన వైఫై, మాట్లాడే ముందు చెవియొగ్గి వినడం అదనంగా నేర్చుకుంది కానీ, మూలసూత్రం అదే. అందువల్ల మీ ఇంట్లో టీవీ, నాలుగు ఫోన్లు, పక్కింటివారి రౌటరు అన్నీ మీ కాల్‌తో వంతులు వేసుకుంటాయి. మన దేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఒకదానితో ఒకటి కలవని దారులు అందులో మూడే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ, వంటింటి మైక్రోవేవ్ కూడా అక్కడికే వస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో దారులు ఎక్కువ, కానీ గోడలు దాటే శక్తి తక్కువ.

రెండోది చిరునామాలకు సంబంధించినది. ఐపీలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 430 కోట్లు. అవి చాలవని తెలిశాక, 1994లో ఒక తాత్కాలిక ఉపాయం ప్రతిపాదించారు. ఇంటికంతటికీ బయట ఒకే చిరునామా, లోపలి యంత్రాలకు ప్రైవేటు చిరునామాలు, మధ్యలో అనువదించే రౌటరు. తాత్కాలికం అన్నది శాశ్వతమైపోయింది. చరిత్రలో ఇది మీకు కొత్త కాదు. అయితే కాల్ చేసే ప్రోగ్రాము "నా గొంతు ఈ చిరునామాకు పంపు" అని లోపలి చిరునామానే అవతలివారికి రాసి ఇస్తే, వారి మాటలు దారి తెలియక పోతాయి. మీ మాట వారికి వినిపిస్తుంది, వారి మాట మీకు వినిపించదు. ఒకవైపే వినిపించే కాల్‌కు ఇది పాత కారణం. స్కైప్ ఇతర వాడుకరుల కంప్యూటర్లను మధ్యవర్తులుగా వాడుకుని దీన్ని దాటింది. ఇప్పటి ప్రోగ్రాములు బయట ఒక సర్వరును అడిగి తమ అసలు చిరునామా తెలుసుకుంటాయి. అందుకే ఈ రోజు ఒకవైపే వినిపిస్తే ముందు మైకు మూసి ఉందేమో చూడండి, రౌటరు సంగతి తర్వాత.

మూడోది వరసలో నిలబడడానికి సంబంధించినది. చాలామందికి తెలియనిది ఇదే, నిలిచి చెప్పాల్సిందీ ఇదే. 1986 అక్టోబరులో బర్క్లీలో కేవలం 400 గజాల దూరంలో ఉన్న రెండు సంస్థల మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన లింకు 40 బిట్లకు పడిపోయింది. అందరూ ఒకేసారి తోసుకుంటే ఎవరూ కదలలేదన్నమాట. వాన్ జేకబ్‌సన్ దీనికి ఒక మందు కనిపెట్టారు. ప్యాకెట్టు పోయిందని తెలిస్తే, పంపేవాడు వేగం తగ్గించుకోవాలి. ఈ పద్ధతిలో ప్యాకెట్టు పోవడం ఒక హెచ్చరిక. తర్వాత జ్ఞాపకశక్తి చిప్పులు చౌకయ్యాయి. తయారీదారులు ఒక్క ప్యాకెట్టూ పోకూడదని రౌటర్లలో, మోడెముల్లో పెద్ద పెద్ద నిల్వలు పెట్టారు. మంచి ఉద్దేశమే, కానీ హెచ్చరిక వినిపించడం మానేసింది. పంపేవాడు నిల్వ నిండేదాకా పంపుతూనే ఉంటాడు.

లెక్క వేసి చూడండి. రౌటరులో 256 కిలోబైట్ల నిల్వ ఉంది, బయటికి పంపే వేగం సెకనుకు 512 కిలోబిట్లు అనుకుందాం. ఆ నిల్వ ఖాళీ కావడానికి 4 సెకన్లు పడుతుంది. మీ ఫోను తనంతట తాను ఫొటోలను దాచుకోవడానికి పంపుతుంటే, మీ "హలో" ఆ నాలుగు సెకన్ల వరస వెనుక నిలబడుతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో పెద్ద ఫైళ్ళు పంపుతూ ఈ ఆలస్యాన్ని గమనించి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. వరసలో ఎంతసేపు నిలబడ్డాయో చూసి ముందే కొన్ని ప్యాకెట్లను వదిలేసే పద్ధతిని 2012లో క్యాథలీన్ నికోల్స్, అదే వాన్ జేకబ్‌సన్ కలిసి రూపొందించారు. కొన్ని రౌటర్లలో ఇది ఉంటుంది, చాలావాటిలో వాడుకరే వెతికి తెరవాలి.

ఆలస్యం ఎంతవరకు సహించవచ్చు? ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకపోవడం మంచిదని అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. హైదరాబాదు నుంచి న్యూజెర్సీకి నేరుగా గీత గీస్తే సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. దూరానికే 65 మిల్లీసెకన్లు పోయాయి. సముద్రపు కేబుళ్ళు నేరుగా పోవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఇక మీ ఇంట్లో పోగొట్టుకోవడానికి మిగిలేది కొంచెమే.

ప్రతిధ్వని సంగతి క్లుప్తంగా చెబుతాను. స్పీకరు శబ్దం మైకులోకి వెళ్ళి తిరిగి వస్తుంది. ఉపగ్రహాల ద్వారా ఫోను మాటలు మొదలైన 1960లలోనే ఇది పెద్ద తలనొప్పి. దాన్ని రద్దుచేసే పద్ధతిని బెల్ ప్రయోగశాలల్లో తీర్చిదిద్దినవారిలో, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివిన మన్‌మోహన్ సోంధీ ఒకరు. ఒక కిటుకు గుర్తుంచుకోండి: మీ గొంతు మీకు తిరిగి వినిపిస్తే, సాధారణంగా లోపం అవతలివారి దగ్గర ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకోమని వారికి చెప్పాలి.

సాక్షులను విడివిడిగా అడగడం

శాసనం ఒక మాట, కైఫీయత్తు ఇంకో మాట చెబితే మనం ఏం చేస్తాం? రెండింటినీ విడిగా పరిశీలిస్తాం. ఇక్కడా అంతే. ముందు, ఎవరికి తెగి వినిపిస్తోందో అడగండి. మీ మాట వారికి తెగుతుంటే మీ నుంచి బయటికి వెళ్ళే దారి, వారి మాట మీకు తెగుతుంటే మీలోపలికి వచ్చే దారి అనుమానితులు. రెండూ నిర్ధారణలు కావు, ప్రారంభాలు.

తర్వాత పింగ్ ఉంది. 1983 డిసెంబరులో అమెరికా సైనిక ప్రయోగశాలలో మైక్ మ్యూస్ రాసిన చిన్న ప్రోగ్రాము ఇది. జలాంతర్గాములను వెతికే సోనార్ శబ్దం నుంచి ఆ పేరు పెట్టారు. ఒక చిన్న సందేశం పంపి, తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. ముందు మీ రౌటరుకు (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1), తర్వాత బయటి చిరునామాకు పంపి చూడండి. రౌటరు దాకానే అంకె ఎగిరెగిరి పడుతుంటే లోపం మీ ఇంటి గాలిలో ఉంది. అక్కడ నిలకడగా ఉండి, ఎవరో ఏదో పంపుతున్నప్పుడు మాత్రమే బయటి అంకె పెరిగితే అది వరస సమస్య. రెండూ నిలకడగా ఉండి కూడా కాల్ చెడితే అవతలివైపు చూడాలి. కంప్యూటరును పది నిమిషాలు కేబుల్‌తో రౌటరుకు కలిపి చూడడం వీటన్నిటికంటే తేలికైన పరీక్ష. ఒకసారికి ఒకటే మార్చండి. మూడూ కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు.

ఇక ఆ మౌఖిక పరీక్ష. నాతోపాటు ఇంకో ఊరి నుంచి పరీక్షిస్తున్న అధ్యాపకురాలు, "అమ్మాయి స్పష్టంగానే చెబుతోంది కదండీ, మీకు వినిపించడం లేదా?" అన్నారు. నా కంప్యూటరు రౌటరుకు రెండు గోడల అవతల ఉంది. హాల్లో టీవీలో సినిమా, పక్కగదిలో మనవడి ఆట డౌన్‌లోడు. నేను లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి నడిచాను, టీవీ కట్టేయించాను, డౌన్‌లోడు ఆపించాను. ఒకసారికి ఒకటే మార్చమని మీకు చెప్పినవాడిని, ఆ కంగారులో మూడూ ఒకేసారి చేశాను. ఆ అమ్మాయిని క్షమాపణ అడిగి, మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ఆమె తన ఊరి చెరువు కింది ఆయకట్టు చరిత్రను ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఆ తర్వాత ప్రతి మౌఖిక పరీక్షలోనూ తోటి పరీక్షకులను నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "మీకెలా వినిపిస్తోంది?"