ప్రతిజ్ఞ చేయించిన మర్నాడు

మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26 వస్తే మన హైస్కూళ్లలో ఒక తంతు నడుస్తుంది. ప్లకార్డులు, ర్యాలీ, మానవహారం, చేయి చాచి ప్రతిజ్ఞ, చివర ఒక పోలీసు అధికారి ప్రసంగం. మర్నాడు మామూలే. దానివల్ల ఎంతమంది పిల్లలు మత్తుకు దూరంగా ఉన్నారో లెక్క చూసే అలవాటు మాత్రం మనకు లేదు.

దొరవారిసత్రంలో ఈ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. సూళ్లూరుపేటకూ నాయుడుపేటకూ మధ్య, చెన్నై - కోల్‌కతా హైవే మీదున్న ఊరు ఇది. బయటివాళ్లకు ఈ మండలం నేలపట్టు గూడబాతుల వల్లే తెలుసు. 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, మత్తు మీద పోరాటం విషయంలో దీని వారసత్వం నెల్లూరుదే.

ముందు సమస్య ఎంతుందో చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి, 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో అంతకు ముందు ఏడాదిలో మద్యం తాగినవాళ్లు 1.3 శాతం. మూడువందల మంది పిల్లలున్న బడిలో నలుగురు. ఈ లెక్కను నేరుగా ఏ ఒక్క బడికీ అంటగట్టకూడదు, అది దేశం మొత్తం సగటు. పైగా ఇంటికి వచ్చి అడిగితే, అమ్మానాన్నలు వినేంత దూరంలో కూర్చున్న పిల్లవాడు ఎంత నిజం చెబుతాడు? అసలు సంఖ్య ఎక్కువే ఉండవచ్చని నా అనుమానం.

ఆ సర్వేలో మనం సరిగా పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పీల్చే మత్తు, అంటే వైట్‌నర్, థిన్నర్, పంక్చర్లకు వాడే సొల్యూషన్ లాంటివి, పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పెద్దలకన్నా పిల్లలే ఎక్కువగా వాడుతున్న మత్తు ఇదొక్కటే. మన ర్యాలీ బ్యానర్ల మీద గంజాయి ఆకు బొమ్మ ఉంటుంది, సొల్యూషన్ ట్యూబు బొమ్మ ఉండదు. పొగాకుదీ అదే కథ. 2019 నాటి ప్రపంచ యువత పొగాకు సర్వేలో మన దేశంలో 13 - 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఖైనీ పొట్లం దగ్గర మొదలైన అలవాటు అక్కడే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక ఏది పనిచేస్తుందన్న మాట. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే తరగతికి వచ్చి పాఠం చెప్పేవారు. తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, పిల్లల మత్తు వాడకం మీద దాని ప్రభావం నామమాత్రం. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కలిసి వెలువరించిన ప్రమాణాలూ అదే అంటున్నాయి: ఉత్త ఉపన్యాసం, భయపెట్టడం, మానేసినవాళ్ల అనుభవాలు చెప్పించడం, పోలీసులతో పాఠం చెప్పించడం ఫలితం ఇవ్వవు. బ్రెజిల్ అనుభవం ఇంకా చేదు. యూరప్‌లో మంచి పేరు తెచ్చుకున్న పాఠ్యక్రమాన్ని అక్కడి 72 బడుల్లో పరీక్షిస్తే, పాఠం విన్న పిల్లలే ఎక్కువమంది మద్యం మొదలుపెట్టారని 2017లో తేలింది. మంచి ఉద్దేశంతో చేసే పని కనీసం కీడు చేయదులే అని మనం అనుకుంటాం. ఆ ధీమా సరికాదు.

ఆశ కలిగించే ఫలితం మనకు దగ్గరలోనే, చెన్నైలో ఉంది. 2004 నుంచి రెండేళ్లు ఢిల్లీ, చెన్నైలలోని 32 బడుల్లో 'మైత్రి' ప్రయోగం జరిగింది. ఆరో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలతో మొదలుపెట్టి, తోటి విద్యార్థుల్నే నాయకులుగా పెట్టి తరగతి చర్చలు నడిపారు, బళ్లో పోస్టర్లు పెట్టారు, తల్లిదండ్రులకు కార్డులు పంపారు. పాఠాలు లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది, పాఠాలు నడిచిన బడుల్లో 17 శాతం తగ్గింది. అయితే అవి నగరపు బడులు, పరీక్షించింది పొగాకును మాత్రమే. మద్యానికీ గంజాయికీ ఇదే వర్తిస్తుందని అనేయడం తొందరపాటు. బీహార్‌లోని నలందా జిల్లాలో మరో ప్రయోగం జరిగింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులతో, కొన్నిట్లో శిక్షణ ఇచ్చిన సలహాదారులతో నడిపితే, బడి వాతావరణం మెరుగుపడి, పిల్లల కుంగుబాటూ కొట్లాటలూ తగ్గింది సలహాదారులున్న చోటే. సిలబస్ పూర్తిచేయలేక సతమతమయ్యే అయ్యవారి నెత్తిన ఇంకో రిజిస్టరు పెడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ నెల్లూరు జిల్లా దూబగుంటను ఇక్కడ తలచుకోక తప్పదు. 1991లో ఆ జిల్లా అక్షరాస్యత తరగతుల్లో పలక పట్టిన ఆడవాళ్లు తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలు సారా అంగడి దాకా వెళ్లాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ ఉద్యమం పిల్లల మీద చేసిన పరిశోధన కాదు, దాన్ని రుజువుగా వాడను. కానీ ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మా, ఆమె తోటివాళ్లూ ఎవరో వచ్చి చెప్పిన ఉపన్యాసం విని కదల్లేదు. తరగతిలో తమ నోటితో మాట్లాడుకుని కదిలారు, దొరికే చోటును మూయించారు. ఈ రెండో పనిని బడి ఒక్కటే చేయలేదు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం, పిల్లలకు మద్యం ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలని 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చెబుతున్నాయి. అమలు చేయాల్సింది బెల్టుషాపు ఎక్కడుందో తెలిసిన పెద్దవాళ్లే.

దొరవారిసత్రం, నాయుడుపేట, సూళ్లూరుపేట మండలాల ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. వచ్చే జూన్‌లో ర్యాలీకి ముందు ఎనిమిదో తరగతి పిల్లలకు పేరు రాయనక్కర్లేని ప్రశ్నపత్రం ఇవ్వండి. చీటీ వేసి సగం బడుల్లో తోటి విద్యార్థుల చర్చలు మొదలుపెట్టండి, మిగతా సగం బడుల్లో రెండేళ్లు ఆగండి. ఆ పిల్లలు పదో తరగతిలో ఉండగా అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇవ్వండి. ఫలితం బాగా లేకపోయినా దాచకండి. ఈలోగా ఏ పిల్లవాడికైనా సాయం కావాలంటే ఎదురుచూడనక్కర్లేదు, జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446.